నూట మూడో రోజు

పెట్టెలు ఏప్రిల్లోనే వచ్చేస్తాయి,
మా కొట్టు మెట్ల మీద మంచు ఇంకా గడ్డకట్టి ఉండగానే.
మనుషులు ఆగస్టులో వస్తారు.
మధ్యలో ఈ నాలుగు నెలలూ
వాళ్ల ఆకలి నా దగ్గర తాకట్టు.

చేపల వలల వెనక, పెయింటు డబ్బాల పక్కన
తేదీల వరసలో పేర్చుకుంటాను.
పోస్టు నిబంధన పదిహేను రోజులే అంటుంది.
అది రాసినవాడు నార్వే దక్షిణపు కొస నుంచి
ఇక్కడిదాకా ఎన్నడూ నడిచి వచ్చి ఉండడు.

పెట్టెను చూస్తే మనిషి తెలిసిపోతాడు.
కొందరు గింజ గింజా తూస్తారు,
టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసుకునే జాతి.
ఒకాయన గాజు సీసాలో జామ్ పంపాడు,
ఉన్ని టోపీలో పసిపిల్లలా చుట్టి.

ఆకలి రుచెరగదంటారు గానీ
నా మెట్ల మీద కూర్చుని చూడండి.
మార్చిలో వంటింటి బల్ల దగ్గర లెక్కలు కట్టిన మనిషి వేరు,
ఆగస్టులో ఆ తాడు విప్పే మనిషి వేరు.
యోరున్ అనే అమ్మాయి
ఇరవై రెండు బాదం చాక్లెట్లు బయటికి తీసి
ఒక్కోదాన్నీ పాత శత్రువులా చూసింది.
"ఎవరు పెట్టారివి?" అంది.
నువ్వే, అన్నాను.
ఉల్లిపాయ అడిగింది. పచ్చిది.
ఆపిల్ కొరికినట్టు కొరుక్కు తింది,
కళ్ల నీళ్లు కారిపోతుంటే నవ్వుతూ.

ఒకరికి మొహం మొత్తింది ఇంకొకరికి పండగ.
మర్నాడు ప్రాగ్ కుర్రాడు ఆ చాక్లెట్లలో పద్నాలుగు పట్టుకుపోయాడు,
నాలుగు కిలోల ఓట్స్ నా నెత్తిన పెట్టి.

గెయిర్‌మున్ పెట్టె మాత్రం ఉండిపోయింది.
చతురస్రాల్లాంటి అక్షరాలు. ఆగస్టు పద్దెనిమిది అని
రెండుసార్లు రాసి, కింద గీత.
పద్దెనిమిది పోయింది. సెప్టెంబరు పోతోంది.
పొదలు ఎర్రబడి, కొండ నెత్తి తెల్లబడింది.
ఫోన్ చేశాను.
మోకాలట. ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్ల కింద,
ఏదో వాగు రాళ్ల మీద.
"ఆ పెట్టె సంగతే మర్చిపోయానండీ."
మర్చిపోలేదు. గొంతులో తెలుస్తుంది.
"విప్పేసి ఎవరికైనా ఇచ్చేయండి."

ఇవ్వడానికి ఎవరున్నారు, కొండలు ఖాళీ.

విప్పాను.
ఆరు సంచులు, ఒక్కోదాని మీద ఒక అంకె,
నూట మూడు మొదలుకొని నూట ఎనిమిది దాకా.
అడుగున చీటీ, ఇంత దూరం రాబోయే తనకి తానే రాసుకున్నది.
పెద్ద మాటేదో ఉంటుందని కళ్లజోడు తెచ్చుకున్నాను.
"సాక్సు మార్చుకో. గోళ్లు తీసుకో.
ఊడ్‌లౌగ్ గారికి థాంక్స్ చెప్పు."

నా పేరు ఎక్కడ దొరికిందో.

అరవై ఏడేళ్లు నాకు.
చర్చి దాటి కొండెక్కింది బెర్రీల కోసమే.
ఆ సోమవారం కొట్టు కట్టేసే వేళ నీళ్లు కాచుకుని
గల్లాపెట్టె పక్కన నిలబడే
నూట మూడో రోజు తిన్నాను:
ఎండు రెయిన్‌డీర్ మాంసం, బంగాళదుంప పొడి,
పిడికెడు మిరియాలు.
మంగళవారం నూట నాలుగు.
నూట అయిదు బాగాలేదు. బాగాలేదని ఫోన్ చేసి చెప్పాను.
"బఠాణీ కదూ," అన్నాడు, "మార్చిలోనే అనుమానించాను."

ఆ తర్వాత సాయంత్రాలు అతనే చేసేవాడు.
"ఇవాళ ఎక్కడున్నారు?"
మ్యాపు మడతలు విప్పుతున్న చప్పుడు.
ఇక్కడ వంతెన లేదనేవాడు, ఎడమ ఒడ్డే పట్టుకోమనేవాడు,
గాలి ఎటుందని అడిగేవాడు.
నేను కిటికీ తీసి చూసి చెప్పేదాన్ని.

నూట ఎనిమిది అయిపోయింది.
చివరి సంచీ దులిపితే చెంచాడు కాఫీ పొడి.
తర్వాతి పెట్టె ఎక్కడుందని అడిగాను.
"ఇంకా ఉత్తరాన, మీలాంటివాళ్ల కొట్లోనే.
అదీ ఈపాటికి వెనక్కి పంపేసి ఉంటారు."

పంపి ఉండరన్నాను.
శనివారం బస్సుందన్నాను.